రెండు కండ్ల కెమెరాకు బొట్టు

ఆ కెమెరా మా ఇంట్లో ఉన్నది అయిదు రోజులు. 1982 అక్టోబరు డైరీలో ఆ అయిదు రోజులకూ అయిదు పేజీలున్నాయి. సద్దుల బతుకమ్మకు ఎన్ని వరసలు పేర్చానో, తంగేడు పువ్వు ఎవరి చెలకలో కోశామో, దసరా నాడు ఎన్ని గారెలు కాల్చామో, జమ్మి ఆకు తెచ్చి ఎవరెవరు దండం పెట్టిపోయారో, అన్నీ ఉన్నాయి. ఆ కెమెరాకు నేనేం చేశానో మాత్రం లేదు. అన్నీ రాసుకునే మనిషి ఒక్కటి రాయకుండా వదిలిందంటే మరిచిపోయి కాదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు. సుల్తానాబాద్‌లో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేదాన్ని. కెమెరా మా బడిలోనే కుట్లు, అల్లికలు, డ్రాయింగు చెప్పే టీచరుది. నాకంటే అయిదేళ్లు చిన్నది. నేను ఆమెను చెల్లె అనేదాన్ని, ఆమె నన్ను అక్కా అనేది. వాళ్లది క్రైస్తవ కుటుంబం. వాళ్ల బాపు మిషన్ దవాఖానలో కంపౌండరుగా చేశాడు. అక్కడ పనిచేసిన విదేశీ డాక్టరమ్మ తిరిగి తన దేశం పోతూ ఆయనకు ఆ కెమెరా ఇచ్చిపోయింది. ఆ ఏడు నుంచి, అంటే 1957 నుంచి, ప్రతి క్రిస్మస్ నాడు ఆరాధన కాగానే సంఘమంతా చర్చి మెట్ల మీద నిలబడడం, ఆయన ఫోటో తీయడం ఆనవాయితీ అయింది. ఆ ఫోటోలన్నీ చర్చి గోడకు వరసగా పటాలు కట్టి ఉంటాయి. పంతొమ్మిది ఆయన తీసినవి. 1975 క్రిస్మస్ తర్వాత ఆయన పోయాడు, ఆ పైన ఆరు కూతురు తీసింది. మొత్తం ఇరవై అయిదు. మధ్యలో ఒక్క ఏడు కూడా తప్పలేదు. తర్వాత ఒకనాడు ఆ గోడ ముందు నిలబడి నేనే లెక్కపెట్టాను.

కెమెరా నిలువుగా ఉండే నల్లటి పెట్టె. ముందువైపు ఒకదాని కింద ఒకటి రెండు అద్దాలు. మా బడి పిల్లలు దాన్ని రెండు కండ్ల కెమెరా అనేవాళ్లు. పై కన్ను మనం చూసుకోవడానికి, కింది కన్ను ఫోటో తీయడానికి. పెట్టెను పొట్టకు ఆనించుకుని, పైన మూత ఎత్తి, తల వంచి చూస్తే ఎదురుగా ఉన్నదంతా చిన్న అద్దంలో కనిపించేది. రీలుకు పన్నెండు ఫోటోలు.

నేను దాన్ని ఎరువు అడగడానికి కారణం చెప్పుకుంటే సిగ్గేస్తుంది. ఆ ఏడు ఇరవై ఒక్క వరసల బతుకమ్మ పేర్చాలని పట్టుపట్టాను. అంతకుముందు ఏడు పదిహేడు. పొద్దంతా పేర్చినది మాపటికి నీళ్లలో కలిసిపోతుంది. ఇరవై ఒకటి అని తర్వాత నేను నోటితో చెబితే ఎవరు నమ్ముతారు? ఫోటో ఉండాలి అనుకున్నాను.

స్టాఫ్ రూములో అడిగాను. ఆమె వెంటనే కాదనలేదు, వెంటనే సరే అని కూడా అనలేదు.

"ఇస్తగని అక్కా, జర పైలం. మా బాపు బతికున్నన్ని రోజులు నన్ను గూడ ముట్టనియ్యలే దీన్ని."

"నేనేమన్న చిన్నపిల్లనా?"

"చిన్నపిల్లలైతే నయం, చెప్పినట్టు ఇంటరు. గీ కింది కన్ను ముట్టకు. దుమ్ము వడితే నోటితోని ఊదు, కొంగుతోని తుడువకు. ఇంకేం చెయ్యకు."

"ఇంకేం చేస్త?"

"ఏమో! నీకు అన్ని తళతళ మెరవాలె గదా. నల్లబల్లను గూడ కడిగిస్తివి."

గదిలో ఉన్న టీచర్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. బల్లను నేను కడిగించిన మాట నిజమే.

ఆమె సెలవులకు మెట్‌పల్లిలో ఉన్న తన అక్క దగ్గరికి పోతోంది. బడి తెరిచిన నాడు ఇస్తే చాలు అంది. రీలు తనే ఎక్కించి, ఎండ ఎటు ఉండాలో, ఎన్ని అడుగుల దూరంలో నిలబడాలో ఒక కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేశాను. సద్దుల నాడే పన్నెండు ఫోటోలూ తీశాను. వాటిలో అయిదు నా బతుకమ్మవే. రీలు మొత్తం చుట్టి, కెమెరాను తోలు సంచిలో పెట్టి, అర మీద ఉంచాను. ఆ పూటే తీసుకుపోయి వాళ్ల ఇంట్లో ఇచ్చి వచ్చినా సరిపోయేది. కానీ వాళ్ల ఇంటికి తాళం.

దసరా నాడు పనిముట్లకు పూజ. కత్తిపీట, కొడవలి, పార, రోకలి, కుట్టుమిషను, మా ఆయన సైకిలు, నా ఫౌంటెన్ పెన్ను, నేను బడికి తీసుకుపోయే చెక్క వృత్తలేఖిని, అన్నిటినీ కడిగి తుడిచి వరసగా పెట్టాను. పసుపు రాసి బొట్లు పెడుతున్నాను. మా అత్త అర వైపు చూసింది.

"గది గూడ తే."

"అది మనది కాదత్తా."

"మనది గాకపోతేంది? పండుగ నాడు మనింట్ల ఉన్నది. అన్నిట్కి బొట్టు వెట్టి దాన్నొక్కదాన్ని ఉత్త మొగంతోని కూసోవెడ్తవా?"

"వాళ్లు చర్చికి పోయేటోళ్లు."

"వాళ్లు పోతే పోనీ. కెమెరా పోతదా?"

"పోతది. ఏడాదికొకసారి."

మా అత్త నవ్వింది. "అయితే ఇంకా మంచిది. రెండు దిక్కుల సల్లగుంటది. తే."

నేను తప్పు మా అత్త మీదికి నెట్టడం లేదు. ఆమె బొట్టు పెట్టమంది, అంతే. తనే చేసి ఉంటే పెట్టె నెత్తి మీద ఇంత చుక్క అద్ది ఊరుకునేది. దానికి ఏమీ అయ్యేది కాదు. నేను సరిగ్గా చేయాలనుకున్నాను. రెండు కళ్లున్నాయి కాబట్టి బొట్టు వాటి నడుమ ఉండాలని నాకు తోచింది. తడి పసుపు ఉంగరపు వేలితో అద్ది, దాని మీద కుంకుమ పెట్టాను. గుండ్రంగా రాలేదు. తుడిచి మళ్లీ పెట్టాను. కొంచెం ఎడమకు జరిగింది. మళ్లీ తుడిచాను. మూడోసారి సరిగ్గా నడుమ కుదిరింది. ఆ రెండుసార్లు తుడిచినప్పుడు పసుపు నీళ్లూ, రాలిన కుంకుమా కిందికి జారి కింది కన్ను చుట్టూ ఉన్న కంకణం సందులోకి దిగాయి. నేను చూసుకోలేదు. బొట్టు కుదిరినందుకు సంతోషపడి హారతి ఇచ్చాను.

మరునాడు పొద్దున తుడుస్తుంటే కంకణం అంచున ఎర్రటి గీత కనిపించింది. తడి గుడ్డ పెట్టి తుడిచాను. ఎర్రటి నీళ్లు పైకి రావడానికి బదులు లోపలికి పోయాయి. కింది కన్ను పక్కన ఫోటోకు ముందు కిందికి తోసే చిన్న మీట ఉంటుంది. దాన్ని తోసి చూశాను. కరకరమంది. కూర్చుని ఆలోచించాను. ఇంట్లో కరకరమనే వస్తువు కుట్టుమిషను ఒక్కటే. అది కరకరమంటే నూనె వేస్తాం. సీసా తెచ్చి మీట సందులో రెండు చుక్కలు వేశాను. పదిసార్లు ఆడించాను. మెత్తగా, చప్పుడు లేకుండా కదిలింది. ఆమె ఇచ్చినప్పటికంటే మంచిగా చేసి ఇస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా అట్లా నమ్మి ఉంటే ఆమెకు చెప్పేదాన్ని.

బడి తెరిచిన నాడు కెమెరా ఇచ్చాను.

"ఏం గాలే గదక్కా?"

"ఏమైతది? చూసుకో."

ఆమె మూత ఎత్తి, తల వంచి, పై కన్నులోంచి నన్ను చూసింది. మీట తోసి, నొక్కి చూసింది. చప్పుడు సరిగ్గానే వచ్చింది. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గిదేంది, మిషిన్ వాసనొస్తుంది?"

"మా ఇంట్ల మిషిన్ పక్కకే వెట్టిన."

అది అబద్ధం కాదు. పూజ వరసలో కెమెరా కుట్టుమిషను పక్కనే ఉండింది. అబద్ధం కాని మాట కోసం నేను లోపల ఎంత వెతికానో నాకు తెలుసు. ఆమె సరే అని సంచిలో పెట్టుకుంది. నవంబరులో నా ఫోటోలు కడిగి వచ్చాయి. పన్నెండుకు పదకొండు మంచిగా వచ్చాయి. వేలు పెట్టి లెక్కపెడితే ఇరవై ఒక్క వరసలూ కనిపిస్తాయి. వాటిని చూసి నా భయం కూడా పోయింది. అవి నూనె వేయకముందు తీసినవన్న సంగతి నాకు తట్టలేదు, లేదా తట్టనివ్వలేదు.

క్రిస్మస్ నాడు చర్చి మెట్ల మీద డెబ్బై ఒక్క మంది నిలబడ్డారట. భివండిలో మగ్గాల పనికి పోయిన అయిదుగురు కూడా ఆ ఏడు ఇంటికి వచ్చారు. ఇంకో విశేషం, చర్చి గంట కొట్టే తాత మొదటిసారి నిలబడ్డాడు. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఇరవై అయిదేళ్లు తప్పించుకుని తిరిగిన మనిషి ఆయన. అందరూ మెట్ల మీద ఉంటే ఆయన గంట తాడు పట్టుకుని గోడ చాటున ఉండేవాడు. ఆ ఏడు కోడలు బతిమాలి, కొత్త తలపాగా చుట్టి, చేయి పట్టుకుని తెచ్చి నిలబెట్టింది. ఇవన్నీ నేను చూసినవి కాదు. జనవరి మొదటి వారం స్టాఫ్ రూములో ఆమె నాకు చెప్పినవి.

"రీలు కడిగితే అన్ని నల్లగైనయక్కా. పన్నెండుకు పన్నెండు."

నేను లెక్కల నోటు పుస్తకాలు దిద్దుతున్నాను. తల ఎత్తలేదు. "స్టూడియోల ఏమన్నరు?"

"షట్టరు సగంల ఆగిందంట. మూసుకోక, వెల్తురు వోయి రీలంత కాలిందంట. పై కన్నులకెంచి చూస్తే అందరు మంచిగ కనవడ్డరు నాకు. టిక్కుమన్నది గూడ. కింద ఏమైతుందో నాకేం తెలుసు? సామాన్ల తేమ వట్టింది, వానకాలం ఏడ వెట్టిన్రు అని అడిగిండు. బీరువాల వెట్టిన. నాదే తప్పు."

"నీదేం తప్పు?" అన్నాను.

ఆ మాట వెనకాల చెప్పవలసిన మాట ఒకటుంది. దానికి బదులు ఫ్లాస్కులోంచి చాయ పోసి ఆమె చేతికిచ్చాను.

"మొన్న ఐతారం ఆరాధనల లేచి నిలవడి మాఫీ అడిగినక్కా, అందరిని. మా బాపు ఒక్కటి కరాబు చెయ్యలే, నేను చేసిన అని చెప్పిన. ఎవ్వరేమనలే. గని భివండి నుంచి వచ్చిన పిల్లగాండ్ల తల్లులు నా మొగం చూడకుంటనే వోయిన్రు. గా తాతైతే ఇంకా పరేషాన్. తను నిలవడ్డందుకే కరాబైందంట. నాకు ఫోటో పడది, చెప్తె ఇన్నరా అని ఏడ్సిండు."

నేను ఎర్ర సిరాతో దిద్దుతున్న పుస్తకంలో తప్పు లెక్కకు టిక్కు కొట్టాను. ఆ పిల్ల మర్నాడు వచ్చి, టీచర్, ఇది తప్పు గదా అని అడిగితే తెలిసింది.

కెమెరాను నేనే కరీంనగర్ తీసుకుపోయి బాగుచేయిస్తానన్నాను. అక్కడ టవర్ సర్కిల్ దగ్గర మేడ మీద గడియారాలు, కెమెరాలు బాగుచేసే పెద్దాయన ఉన్నాడని మా ఆయన చెప్పేవాడు. ఆమె నా చేయి పట్టుకుంది. "నువ్వున్నవని ధైర్నమక్కా" అంది. నేను తీసుకుపోతానన్నది మంచితనంతో కాదు. దాని పొట్ట విప్పినప్పుడు పక్కన ఆమె ఉండకూడదని.

జనవరి రెండో శనివారం బడికి సెలవు. పొద్దున బస్సుకే పోయాను. ఆ పెద్దాయన కంటికి చిన్న భూతద్దం బిగించుకుని, సూదంత స్క్రూడ్రైవరుతో కింది కన్ను విప్పాడు. లోపల వేలిగోరంత సన్నటి ఉక్కు రేకులు, ఒకదాని మీద ఒకటి. చాలాసేపు చూశాడు. తర్వాత భూతద్దం తీసి నావైపు తిప్పాడు.

"గిటు చూడున్రి మేడం. గీ పచ్చగున్నది పసుపు. గీ ఎర్రగున్నది కుంకుమ. గీ రేకులు అతుక్కున్నది కుట్టుమిషిన్ నూనెతోని. ఉప్పు, కారం గూడ వేస్తే కూరైతుండె."

ఒంగి చూశాను. నిజమే.

"నూనె మెల్లగ పాకుతది. చలికి గట్టివడ్తది. కుంకుమ దాంట్ల కలిసి బంక లెక్క అయింది. తేమ అని ఎవరన్నరు?"

"స్టూడియోల. కెమెరా మా బడి టీచరుది, బీరువాల వెట్టినందుకే అనుకుంటుంది."

"వాళ్లు ఇప్పి చూడలే." ఆయన తోలు సంచి తిప్పి చూశాడు. మూత లోపలివైపు సిలువ గుర్తు అచ్చు వేసి ఉంది. "గిది చర్చోళ్లది గదా? ఆమె వెట్టిందా బొట్టు?"

"కాదు. నేను వెట్టిన."

మొదటిసారి ఆ మాట బయటికి వచ్చింది. ముక్కూ మొహమూ తెలియని మనిషి ముందు సులువుగానే వచ్చింది. ఆయన తల ఊపి, వారం తర్వాత రమ్మన్నాడు.

వారానికి పోయాను. రేకులన్నీ విడదీసి, పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి బిగించాడు. మీట తోసి నాచేత పాతికసార్లు నొక్కించాడు. పాతికసార్లూ రేకులు తెరుచుకుని మూసుకున్నాయి. బిల్లులు రాసే పట్టీ పుస్తకం తీశాడు.

"ఏం కరాబైందో రాసిచ్చుడు నా రివాజు. ఏం రాయాలె?"

"తేమ..." అన్నాను.

ఆయన కలం ఎత్తి పట్టుకుని ఆగాడు. "రాయమంటే రాస్త. నాకేం పోతది? గని ఆమె మిమ్ములను అడుగుతది, మల్ల గిట్ల కాకుంట ఏం చెయ్యాలె అని. బీరువాల వెట్టకు అని చెప్తరా? బీరువా ఏం పాపం చేసింది మేడం?"

పదకొండేళ్లు లెక్కలు చెప్పిన దాన్ని. తప్పు జవాబు రాసిన పిల్లల చేత పదేసిసార్లు మళ్లీ రాయించిన దాన్ని. ఆ మేడ మీద స్టూలు మీద కూర్చుని తప్పు జవాబు రాయమని ఒక పెద్దమనిషిని అడిగాను.

"ఉన్నది రాయున్రి. నూనె, కుంకుమ, పసుపు."

రాశాడు, చింపి ఇచ్చాడు. మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఇక నేను నోరు విప్పే పని లేదు, కాగితం చేతికిస్తే అదే చెబుతుంది అనుకున్నాను. బస్సులో విప్పి చూస్తే ఒక్క అక్షరం అర్థం కాలేదు. ఉర్దూలో ఉంది. దిగిపోయి మళ్లీ పోదామా అని కూడా అనుకున్నాను. అప్పటికే బస్సు ఊరు దాటింది.

నేరుగా వాళ్ల ఇంటికే పోయాను. ఆమె గడప దగ్గర కూర్చుని పిల్లల లంగాకు అంచు కుడుతోంది. కెమెరా చూసి సూది గుడ్డకు గుచ్చి లేచింది. మీట తోసింది, నొక్కింది, మళ్లీ తోసింది. మొహం విచ్చుకుంది.

"బతికింది! ఏమైందంటక్కా?"

కాగితం ఇచ్చాను.

"గిది తురక భాష. చదువు."

"నాకు రాదు."

"మరి నోటితోని ఏమన్నడు?"

చెప్పాను. బతుకమ్మ దగ్గర మొదలుపెట్టలేదు, అత్తను తేలేదు. దసరా నాడు బొట్టు పెట్టిన, కడిగిన, నూనె పోసిన, నీకు చెప్పలే, అన్నాను. ఆమె కెమెరాను ఒళ్లో పెట్టుకుని వింది.

"బొట్టు యాడ వెట్టినవ్?"

వేలుతో చూపించాను.

"సరిగ్గ నడుమ," అంది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. "బొట్టుకు గాదక్కా. నూనెకు గూడ గాదు. నాకు తెలువకనే పోసినవ్ గని కరాబు చెయ్యాలని పొయ్యలే. నేను డెబ్బై మంది ముంగట లేచి నాది తప్పు అని చెప్పిన. గది నీకు చెప్పిన. చెప్తుంటె నువ్వు నాకు చాయ పోసిచ్చినవ్. నీదేం తప్పు అన్నవ్."

"అన్న."

"ఎట్లన్నవక్కా?"

బాగుచేసిన ఖర్చు నేను పెట్టుకున్నానని, కొత్త రీలు, కడిగించడం కూడా నాదేనని చెప్పబోయాను.

"పైసల ముచ్చట తియ్యకు. వచ్చే ఐతారం రా. నేనేడ నిలవడి చెప్పిన్నో గాన్నే నిలవడి చెప్పు."

"చర్చిలనా?"

"మరి మీ గుడిల చెప్తే మావోళ్లకు ఇనవడ్తదా?"

ఆ వారమంతా బడిలో ఆమె నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. సుద్ద ఉందా, గంట కొట్టారా, అంతే. ఇంట్లో మా ఆయనకు చెప్పాను. చెప్పుడే మంచిది అన్నాడు. మా అత్త మాత్రం, నేను గూడ వస్త, బొట్టు వెట్టమన్నది నేనే గద, అంది. వద్దన్నాను.

జనవరి 23 ఆదివారం. చెప్పులు బయట విడిచి లోపలికి పోయాను. ఆడవాళ్లు ఎడమవైపు చాపల మీద కూర్చున్నారు. చివరి చాప మీద కూర్చున్నాను. ఎదురుగోడకే ఆ ఇరవై అయిదు ఫోటోలు. అప్పుడే లెక్కపెట్టాను. ఇరవై ఆరోదానికి ముందే కొట్టిన మేకు ఖాళీగా ఉంది. ఆమె ముందే చెప్పి పెట్టింది కాబోలు, ఆరాధన కాగానే పాస్టరు నావైపు చూసి తల ఊపాడు. లేచి నిలబడ్డాను. రోజూ నలభై మంది పిల్లలకు వెనక బెంచీ దాకా వినిపించేటట్టు చెప్పే గొంతు ఆ రోజు నాకే వినిపించలేదు.

"క్రిస్మస్ ఫోటో కరాబైంది టీచరు తప్పుతోని కాదు. నేను ఎరువు తీస్కపోయి, దసరా నాడు కెమెరాకు పసుపు కుంకుమ వెట్టి, మిషిన్ నూనె పోసిన. అది ఆమెకు చెప్పకుంట ఇచ్చిన. ఆమె మీ ముంగట మాఫీ అడిగినంక గూడ చెప్పలే. తప్పు నాది."

ఎవరో కిసుక్కున నవ్వారు. "కెమెరాకు బొట్టా?" అని ఒకరు, "హారతి గూడ ఇచ్చిందేమో" అని ఇంకొకరు. మగవాళ్లలో ఒక పెద్దమనిషి లేచి, బొట్టు పెట్టిన దాన్ని మళ్లీ లోపలికి తేవచ్చునా అని పాస్టరును అడిగాడు. పాస్టరు నోరు తెరిచేలోగా చాపల మీద నుంచి ఒకామె అందుకుంది.

"నీ ఇంట్ల కూరల పసుపు వేస్తలేరా పెద్దయ్యా? కూసో."

అందరూ నవ్వారు. అప్పుడు ముందు వరసలోంచి గంట తాత కర్ర ఆనించుకుని మెల్లగా లేచాడు. నావైపు తిరిగాడు.

"అంటే నాతోని కాలేదన్నట్టా?"

"కాదు తాతా."

"గట్టిగ చెప్పు బిడ్డా, నాకు చెవుడు."

"నీతోని కాలే తాతా. నాతోని అయింది."

"మల్లొక్కసారి చెప్పు. అందరిని ఇననియ్యి."

చెప్పాను. ఈసారి వెనక బెంచీ దాకా వినిపించేటట్టే చెప్పాను.

"మూడు వారాల సంది గంట ముడుతలేను," అన్నాడు తాత, నాతో కాదు, అందరితో. "నా చెయ్యి మంచిది కాదేమోనని కోడలితోని కొట్టిస్తున్న. దానికేమొ తాళం రాదు." అని కూర్చున్నాడు. ఆ మూడు వారాల సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. నేను నోరు మూసుకున్న రోజులు నేను లెక్కపెట్టుకున్నాను గానీ, అవి ఇంకెవరి దగ్గర ఎట్లా గడిచాయో లెక్కలోకి తీసుకోలేదు.

ఫోటో ఈస్టరు నాడు మళ్లీ తీయాలని సంఘం నిర్ణయించింది. ఏప్రిల్ 3. నన్నూ రమ్మని పాస్టరే కబురు పంపాడు. రీలు నేను కొన్నాను, ఆమె ఎక్కించింది. అందరూ మెట్ల మీదికి చేరారు. భివండి వాళ్లు అయిదుగురూ జనవరిలోనే తిరిగి పోయారు. వాళ్ల తల్లులు ముగ్గురు మూడో మెట్టు మీద ఉన్నారు. వాళ్ల పక్కన నిలబడవలసిన వాళ్లు ఆ ఏటి ఫోటోలో లేకపోవడానికి కారణం నేను. ఆ తల్లులకు నేను ఏం చెప్పగలను? దండం పెట్టాను. ఒకామె తిరిగి పెట్టింది.

ఆమె కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వు తియ్యి."

"నేనా?"

"నేను తీస్తే నేను ఉండ. ఆరేండ్ల సంది ఒక్కదాంట్ల లేను. ఇయ్యాల నిలవడ్త."

"నా చేతికిస్తవా?"

"నూనె సీసా తేలే గద?"

దగ్గరున్న వాళ్లు పకపకా నవ్వారు. ఆమె నవ్వకుండానే పోయి నాలుగో మెట్టు మీద చివరన నిలబడింది. పన్నెండు అడుగులు కొలిచి నిలబడ్డాను. ఎండ ఎటుందో చూసుకున్నాను. ఆమెతో కలిపి అరవై ఏడుగురు. మూత ఎత్తి, తల వంచి, పై అద్దంలో అందరినీ చూశాను. అంతలో కింది కన్ను గుర్తొచ్చింది. ఊపిరి బిగబట్టి నొక్కాను. పన్నెండుసార్లు నొక్కాను. నొక్కిన ప్రతిసారీ తాత కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "తెరువు తాతా, ఏం గాదు" అని కోడలు అరిస్తే, "నాకెర్క" అంటాడు, మళ్లీ మూస్తాడు.

రీలు కడిగి వచ్చేదాకా వారం రోజులు నాకు సరిగ్గా అన్నం పోలేదు. పన్నెండూ వచ్చాయి. తాత కళ్లు తెరిచి ఉన్నది ఒక్కటే, అయిదోది. దాన్నే పెద్దది చేయించాం. కింద 1982 అని రాస్తే వరస తప్పదు, చూసేవాళ్లకు ఏం తెలుస్తుంది అన్నారు ఒకరిద్దరు. నేను ఒప్పుకోలేదు. ఈస్టరు, 1983 అని నా చేతితోనే రాశాను.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా మేమిద్దరం ఒకే బడిలో పనిచేశాం. మంచికీ చెడుకూ ఒకరింటికి ఒకరం పోయాం. ఆమె నన్ను మళ్లీ అక్కా అని పిలవడానికి ఆ ఏడు వానకాలం దాకా పట్టింది. కెమెరా ఆమె ఇవ్వనని ఎన్నడూ అనలేదు, నేను ఎన్నడూ అడగలేదు. చర్చికి పోయినప్పుడల్లా ఆ ఫోటో దగ్గర ఆగుతాను. అరవై ఆరుగురు కెమెరా కన్నును చూస్తున్నారు. నాలుగో మెట్టు మీద చివరన ఉన్న ఆమె ఒక్కతే దానికి జానెడు పైకి, వంగి ఉన్న నా తల వైపు చూస్తోంది.